ఇసుకలో దాచిన విత్తనం

వీధిలో అందరికీ ఆమె కోడలే. యాభై ఎనిమిదేళ్లు నిండాయి, కూతురికి పెళ్లయి మనవరాలు కూడా పుట్టింది. అయినా కూరల బజారులో జనం "కోడలి కట్టలు వచ్చాయా?" అనే అడుగుతారు. తొంభైకి దగ్గరపడిన అత్తగారు ఇంకా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నారు. పై పదవి ఖాళీ కాలేదు కాబట్టి ఈమె కింది పదవిలోనే ఉండిపోయింది.

ఇంటి వెనక ఎనిమిది మడులున్నాయి. ఏడింటిలో పచ్చ తోటకూర. తెల్లవారుతుండగానే కొడవలి పట్టుకుని దిగి, మంచు ఆరకముందే కోసి, తడి గోనెలో చుట్టి బజారుకు తీసుకెళుతుంది. పది దాటితే తోటకూర తల వాల్చేస్తుంది. కట్టకు ఆమె కొలత తన చెయ్యే. బొటనవేలూ నడిమివేలూ కలిశాయంటే కట్ట చిన్నదైనట్టు, ఇంకో నాలుగు కాడలు చేర్చాలి. "నీ చెయ్యే చిన్నది, అందుకే కట్టలూ చిన్నవి" అని ఎవరైనా ఎత్తిపొడిస్తే, "చెయ్యి చిన్నదే, మనసు చూడండి" అని ఇంకో రెండు కాడలు పడేస్తుంది. వాళ్లు ఇంటికెళ్లాక గానీ అవి ముదురు కాడలని తెలియదు.

ఎనిమిదో మడిలో పండేది అమ్మకానికి కాదు. అది అత్తగారి ఎర్ర తోటకూర.

ఆ విత్తనాన్ని ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు రుమాలు కొసన ముడివేసి తెచ్చుకున్నారు. కాడ మొదలు నుంచి కంకి దాకా ఒకటే ఎరుపు. కోసినా, ఎండినా, ఏడాది గడిచినా కంకి రంగు దిగదు. అందుకే ఇంట్లోంచి ఎవరు దూరం వెళ్లినా, ఆవిడ ఒక కంకి తుంచి జేబులో పెట్టి, రంగు పోయేలోపు తిరిగి రావాలని చెప్పేవారు. రంగు ఎలాగూ పోదు కనుక ఎంత ఆలస్యంగా వచ్చినా వేళకు వచ్చినట్టే. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి ఆకు నలిపి బుగ్గకు రాశారు. ఎవరికైనా గొంతు పట్టేస్తే కాడలు మరిగించిన నీళ్లు పుక్కిలించమనేవారు. గొంతు తగ్గేదో లేదో గానీ, నోరు ఎర్రబడి చూసినవాళ్లు నవ్వేవారు. సబ్బు దొరకని రోజుల్లో ఎండు కాడలు కాల్చి, బూడిద నానబెట్టి, పైన తేరిన నీటితో బట్టలు ఉతికేవారట.

మూడేళ్ల కిందట, చూపు మందగించాక, అత్తగారు ఒక పాత బిస్కెట్ డబ్బా కోడలి చేతిలో పెట్టారు. మూత తీస్తే సన్నని ఇసుక. ఇసుకే అనుకుంది కోడలు. చిటికెడు తీసి అరచేతిలో పరిస్తే, ఆ ఇసుకలో ఆవగింజకన్నా చిన్నవి, నల్లగా మెరుస్తూ కనిపించాయి.

తోటకూర విత్తనాన్ని చల్లేముందు ఇసుకలో కలపడం ఎవరైనా చేసేదే. లేకపోతే ఒకేచోట గుప్పగా పడిపోతాయి. కానీ కోసిన రోజునే కలిపి, ఏడాది పొడుగునా ఇసుకలోనే ఉంచడం అత్తగారి పద్ధతి. దానికి కారణం ఆవిడ కొడుకు. తొమ్మిదేళ్లప్పుడు, వానపడి బడి లేని ఒక రోజున, ఆ మహానుభావుడు ఆ ఏటి విత్తనమంతా వేడి మూకుట్లో పోసి, పేలాలు చేసుకుని, ఒక్కడే కూర్చుని తినేశాడు. మరుసటేడు గోడవార రాలిపడి మొలిచినవి పదకొండంటే పదకొండు మొక్కలు. వాటినుంచే మళ్లీ వంశం నిలబడింది. అప్పటినుంచి ఆవిడ విత్తనాన్ని ఇసుకలో కలిపి, కొట్లో మేకుల డబ్బా పక్కన, పేరు రాయని డబ్బాలో పెడుతున్నారు.

"ఇసుకను ఎవడూ వేయించుకు తినడు" అన్నారు అత్తగారు. "వాడికి మాత్రం చెప్పకు."

"ఆయనకిప్పుడు అరవై ఏళ్లు అత్తయ్యా."

"నోటికి వయసేమిటే? యాభయ్యేళ్లుగా నా చేతిలో ఒక్క ఏడు కూడా తప్పలేదు."

ఆ ఆఖరి మాట కోడలి చెవిలో ఉండిపోయింది.

ఈ ఏడు కూడా ఆమె ఎప్పటిలాగే మడి దున్ని, మట్టి జల్లించి, చదును చేసి, డబ్బాలోంచి గుప్పిళ్లతో తీసి వరసగా చల్లింది. పైన తడి గోనె కప్పింది. ఎండ బాగా కాస్తే నాలుగో రోజుకు, లేకపోతే ఐదో రోజుకు మొలక కనిపించాలి. ఏడు మడులూ ఐదో రోజుకు పచ్చబడ్డాయి. ఎనిమిదోది బోడిగుండులా ఉంది.

అత్తగారు పొద్దున కాఫీ కప్పు అందుకుంటూనే అడిగేవారు, మొలిచిందా అని. చూడాలి అత్తయ్యా, అనేది కోడలు. ఆరో రోజు చూడాలి, ఏడో రోజు చూడాలి. ఎనిమిదో రోజు అత్తగారు అడగలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ మధ్యాహ్నం కోడలు డబ్బా అడుగున మిగిలిన ఇసుక తెల్ల పళ్లెంలో పోసి, నీళ్లు పోసి, కళ్లజోడు పెట్టుకుని వేలితో కలియబెట్టింది. నల్లగింజ ఒక్కటి లేదు. తను ఎనిమిది రోజులు నీళ్లు పోసి, పిచ్చుకలను తోలి, గోనె తడిపి కాపలా కాసింది ఉత్త ఇసుకకు.

ఆమె భర్త మేస్త్రి భోజనానికి వచ్చాడు. ఆయన పని నేలకు రాతి పలకలు పరచడం. ఆయన పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఏ మూలకు వెళ్లమంటే ఆ మూలకే వెళతాయని పేరు. కోడలు డబ్బా చూపించి అడిగింది. ఆయన ముఖం వెలిగింది.

"అదా? భలే ఇసుక. ఎక్కడ జల్లించావోగానీ, చక్కెరలా ఉంది. వీధి చివర లాండ్రీ పెరట్లో ఆఖరి రెండు వరసల సందులకు ఇసుక చాలక పట్టుకెళ్లా. మళ్లీ నింపి పెట్టాగా, దాందేముంది?"

కోడలు గడప మీద కూర్చుండిపోయింది. చెప్పకూడదన్న మాట గుర్తుంది. కానీ ఇంకా దాచడానికి ఏం మిగిలింది కనుక?

"అది ఇసుక కాదండీ. అత్తయ్యగారి విత్తనం."

మేస్త్రి కంచం ముందు నిలబడే ఉన్నాడు. తర్వాత వచ్చి ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాడు. ఎర్రదా అని మెల్లిగా అడిగాడు. ఎర్రదే అంది.

"అయితే పోయినట్టే" అన్నాడు మేస్త్రి. "దిమ్మిసతో కొట్టి బిగించాను. ఆ సందుల్లో గడ్డిపోచ కూడా మొలవదు." ఆ బాధలో కూడా ఆయన గొంతులో ఒక పిసరు గర్వం వినిపించింది. ఏడాదిలోగా ఆ సందుల్లో పచ్చటిదేదైనా మొలిస్తే తన తాపీ విరిచేస్తానని లాండ్రీ ఆవిడకు మాటిచ్చాడట. బజారులో వేరే ఎర్ర తోటకూర దొరుకుతుందేమో తెద్దామా అన్నాడు. కోడలు తల అడ్డంగా ఊపింది. అత్తగారు మొదటి ఆకు నలిపి గోటి మీద రాసుకుంటారు. చూపు తగ్గినా గోరు కంటికి ఆనించి చూస్తారు. ఏ బజారు సరుకుతోనూ ఆ కంటిని మోసం చేయడం కుదరదు. ఇక ఆవిడకు తనే చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. రాత్రి నిద్రపోయినట్టే ఉంది గానీ, పొద్దున లేచేసరికి దుప్పటి కొస నలిగి చుట్టలా అయి ఉంది.

మరునాడు ఆమె బజారునుంచి వచ్చి గోనె విదిలిస్తుండగా లాండ్రీ ఆవిడ ఇంటి ముందు నిలబడి ఉంది. చేతి మీద తెల్ల దుప్పటి, తలుపు పక్కన బట్టలు తోసుకొచ్చే చక్రాల బండి. వసారాలో అత్తగారు, లోపల గడ్డం గీసుకుంటూ మేస్త్రి.

"మేస్త్రి గారూ, తాపీ పట్టుకురండి. విరుద్దాం."

సగం గడ్డానికి సబ్బు నురగతోనే వచ్చాడాయన. లాండ్రీ ఆవిడ దుప్పటి అంచు విప్పి చూపించింది. ఒక మూలన గులాబీ మరకలు, వరసగా, గీత గీసినట్టు.

"మీ పనితనం మొలకెత్తిందండీ. ఆఖరి రెండు వరసల మీదే నేను దుప్పట్లు ఆరేసేది. నీళ్లు కారి కారి సందులన్నీ తడిసి, దారాల్లాంటివేవో లేచాయి. నిన్న దుప్పటి జారి కిందపడితే మా పిల్ల దాని మీదే నడిచింది. ఇదిగో, ఇలా అంటింది. మూడుసార్లు ఉతికినా పోలేదు."

"ఏం రంగు?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

లాండ్రీ ఆవిడ, ఇందులో దాచేదేముందన్నట్టు, "ఎర్రగా, పెద్దమ్మా" అని దుప్పటి అంచు ఆవిడ చేతిలో పెట్టింది. అత్తగారు దాన్ని కంటి దగ్గరకు తెచ్చుకున్నారు. వేలితో రాశారు. తల తిప్పకుండానే పిలిచారు.

"ఒరేయ్. ఇటు రా."

మేస్త్రి వెళ్లి నిలబడ్డాడు. నురగ మెడ మీదికి కారుతోంది. జరిగింది చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయనకే ఉక్రోషం వచ్చింది.

"తొమ్మిదేళ్లప్పుడు తిన్నానని ఇన్నేళ్లు నా దగ్గర దాస్తావా అమ్మా? తోటకూర నాడే, ఇది విత్తనంరా, ముట్టుకోకు అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదిగా?"

"చెప్పాను" అన్నారు అత్తగారు. "చెప్పాకే తిన్నావు."

లాండ్రీ ఆవిడ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు మాత్రం నవ్వలేదు. అత్తగారి కుర్చీ పక్కన కూర్చుని, నాలుగు రోజులుగా మనసులో ఉన్నది బయట పెట్టింది.

"నా చేతిలోనే తప్పింది అత్తయ్యా."

అత్తగారు చెయ్యి చాపి తడుముతూ ఆమె తల పట్టుకున్నారు.

"ఎక్కడ తప్పిందే? నువ్వు చల్లినచోట మొలవలేదు, వాడు తొక్కినచోట మొలిచింది. మొలిచింది కదా. లే, నన్ను తీసుకెళ్లి చూపించు."

ఆవిడ వీధి దాటి నడిచి రెండేళ్లయింది. లాండ్రీ ఆవిడ చక్రాల బండి చూసి, దుప్పట్లు సర్ది మెత్తగా చేసింది. మేస్త్రి, నురగ తుడుచుకోవడం కూడా మరిచి, తల్లిని ఎత్తి అందులో కూర్చోబెట్టాడు. ఒక బుగ్గ నున్నగా, ఇంకో బుగ్గ గరుగ్గా ఉన్న కొడుకు బండి తోస్తుంటే, దుప్పట్ల గుట్ట మీద అత్తగారు ఊరేగింపులో కూర్చున్నంత దర్జాగా వీధంతా దాటారు. చెప్పులు కుట్టేవాడు పని ఆపి, ఉతకడానికి తీసుకెళుతున్నారా అని అడిగాడు. అవునురా, తిరిగొచ్చేటప్పటికి నన్ను గుర్తుపట్టవు, అన్నారావిడ.

పెరట్లో ఆఖరి రెండు వరసలు. బూడిదరంగు పలకలు, ప్రతి పలక చుట్టూ వేలెడు ఎత్తున ఎర్రటి అంచు. ఎవరో పలక పలకకూ అంచు కుట్టినట్టుంది. పైన తెల్ల దుప్పట్లు నీళ్లు కారుస్తున్నాయి. కోడలు మోకాళ్ల మీద కూర్చుని ఒక మొలకను వేలితో తాకింది, వంచి చూసింది. కాండం కింద దాకా ఎరుపే. లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట నలభై దగ్గర కళ్లు మసకబారి మానేసింది.

అత్తగారు బండిలోంచి వంగి వంగి చూశారు. ఆ ఎరుపు మాత్రం ఆవిడ కంటికి ఆనింది.

"నీ మడిలో ఎప్పుడూ ఇంత తిన్నగా రాలేదే కోడలా" అన్నారు.

మేస్త్రి మొహమాటంగా చేతులు నలుపుకున్నాడు గానీ, ఆ మాట ఆయనకు బాగా నచ్చింది.

దుప్పట్ల కింద ఎర్ర మొక్కలు ఉండటానికి వీల్లేదని లాండ్రీ ఆవిడ తేల్చి చెప్పింది. అత్తగారు కాదనలేదు. లాండ్రీ ఆవిడ అమ్మమ్మ ఈ కాడల బూడిద కోసం ఏటా తట్ట పట్టుకుని వచ్చేదని, ఆ నీటితో ఉతికితే మురికి ఆమడ దూరం పారిపోయేదని చెప్పారు. లాండ్రీ ఆవిడ కాసేపు ఆలోచించి, కుళాయి పక్క మూలన ఒక్క మొక్క ఉండనిస్తానంది. మరకలైతే మాత్రం ఆ మొక్కకు తన పూచీ లేదంది.

మేస్త్రి ఇంటికెళ్లి తాపీ తెచ్చాడు. విరవడానికేనా అని అడిగింది లాండ్రీ ఆవిడ. ఆయన కూర్చుని, తాపీ కొస సందులోకి దించి, తను బిగించిన పలకను తనే కదిలించి, అంగుళం అంగుళం పైకెత్తాడు. పలక అంచు వెంబడి మొలకలు వాటి వేళ్లతో సహా వచ్చాయి. తెల్లని దారపు పోగుల్లాంటి వేళ్లు, వాటికి అంటుకుని సన్నని ఇసుక. ఒక్క వేరూ తెగకూడదని ఆయన ఊపిరి బిగబట్టి పనిచేస్తున్నాడు. కోడలు ఒక్కొక్కటీ అందుకుని తడి గోనెలో పడుకోబెట్టింది. పలకలన్నీ మళ్లీ వేసి, మామూలు ఇసుక ఊడ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలాక, ఎండ తగ్గాక, ఆమె వాటిని ఎనిమిదో మడిలో నాటింది. మూడు రోజులు తల వాల్చి, నాలుగో రోజు లేచాయి. మొదటి ఆకు తుంచి తెస్తే అత్తగారు గోటి మీద రాసుకుని, కంటికి ఆనించి చూసి, అదే ఆకు కోడలి గోటి మీద కూడా రాశారు. ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

కంకులు కోసి, ఎండబెట్టి, దులిపి, చెరిగిన రోజున గింజలు డబ్బాన్నర అయ్యాయి. ఈసారి కోడలు వాటిని ఇసుకలో కలపలేదు. రెండు డబ్బాల్లో పోసి, ఒకదాన్ని లాండ్రీ ఆవిడ దగ్గర దాచింది, రెండోదాని మీద పెద్దక్షరాలతో "విత్తనం" అని రాసి కొట్లో పెట్టింది. అందులోంచి మేస్త్రికి గుప్పెడు తీసివ్వమని అత్తగారే చెప్పారు. మూకుడు వేడెక్కింది. గింజలు చిటపటమంటూ తెల్లగా విచ్చుకుని మూతను తడుతున్నాయి. మేస్త్రి పొయ్యి దగ్గర తొమ్మిదేళ్లవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఎన్ని గుప్పిళ్లు వేశావే?" వసారాలోంచి కేక.

"ఒకటే అత్తయ్యా" అంది కోడలు, రెండోది మూకుట్లో జారవిడుస్తూ.