గంగరాజు మావయ్యగారి స్వెట్టర్

మా గంగరాజు మావయ్యగారు ఎండాకాలంలో కూడా స్వెట్టర్ విప్పరు. రోహిణి కార్తెలో భీమవరం అంతా బనియన్లతో తిరుగుతుంటే ఆయన పైన మంకీక్యాప్ కూడా తగిలిస్తారు. ఎవరైనా నవ్వితే నవ్వుకోనివ్వండి అంటారు.

ఆయనది ఐస్ ఫ్యాక్టరీ. ఊళ్ళో రొయ్యలన్నిటికీ చలి పుట్టించే ఈ మనిషి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అడుగుపెడితే ముందు ఫ్యాన్ ఆపుతారు. "ఉక్కగా ఉందండి" అంటే, "ఉక్క మీకండి. బిడ్డకి కాదు" అంటారు. ఒక బారసాలలో ఏసీ కట్టేస్తే వీడియో తీసేవాడు చెమటకి తట్టుకోలేక కెమెరాతో సహా వీధిలోకి పారిపోయాడు. ఇంటివాళ్ళు నిలదీశారు.

"పెద్ద రొయ్య కన్నా చిన్న రొయ్య ముందు చల్లబడుద్దండి. పిల్లలూ అంతే" అన్నారు మావయ్యగారు.

వంశోద్ధారకుణ్ణి రొయ్యతో పోల్చినందుకు ఆ ఇంట్లో ఆయనకి విస్తరి వెయ్యలేదు. ఆయన లెక్కచేయలేదు.

మొన్న మాకు నెలలు నిండకుండానే పాప పుట్టింది. గుప్పెడంత ఉంది. ఒంట్లో వేడి నిలవడం లేదు.

"ఎవరైనా గుండెకి ఆనించుకు కూర్చోవాలండి. ఒంటికి ఒళ్ళు తగలాలి" అంది నర్సు సూర్యకళ.

ఆపరేషనయిన నా భార్య శ్రీసుధకి మత్తు దిగలేదు. నాకు జ్వరమూ దగ్గూ ఉన్నాయని గుమ్మం దాటనివ్వలేదు. నాకు నిజంగా భయం వేసింది.

మాతో ఆసుపత్రికి వచ్చి వరండాలో కూర్చున్న మావయ్యగారు లేచారు. మంకీక్యాప్ తీశారు. స్వెట్టర్ విప్పారు. చొక్కా కూడా విప్పారు.

"అన్నయ్యగారూ, పురిటి మైలండి. బిడ్డకింకా నీళ్ళన్నా పొయ్యలేదు" అన్నారు మా అత్తగారు నాగదుర్గ.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యకూడదండి. ఒంటి మీద తడి ఆరేటప్పుడు ఉన్న వేడి కూడా పోద్ది" అంది నర్సు.

"విన్నారుగా చెల్లెమ్మగారూ. మైల నాకు అంటనివ్వండి. ఎవరేమన్నా నేను లేవను."

లేవలేదు. సాయంత్రానికి పాప పాదాలు వెచ్చబడ్డాయి.

"స్వెట్టర్ లేకుండా మీకు చలెయ్యట్లేదా మావయ్యగారూ?" అన్నాను గుమ్మంలోంచి.

"నాకు చలెప్పుడేసిందండి? ఐసు దగ్గర్నుంచి వచ్చిన ఒళ్ళు చల్లగా ఉంటాది. మా పనోళ్ళ పిల్లల్ని ఎత్తుకోవాలంటే వెచ్చగా ఉండొద్దా? అందుకని స్వెట్టర్."

ఇన్నేళ్ళుగా ఊరంతా నవ్వుతున్నా ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు ఈయన.

అత్తగారు చెమట తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం పక్కనున్న ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేశారు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఉక్కగా ఉంది అల్లుడుగారూ."

"ఉక్క మీకండి. బిడ్డకి కాదు."