గేగులు నిషేధించబడిన మోకాలు

మా చిన్నప్పుడు చలికాలం సాయంత్రాలు మా వీధిలో తంపటి వేసేవారు... పాత కుండ నిండా గేగులు పేర్చి, కుండను బోర్లించి, చుట్టూ ఎండు తాటాకు వేసి అంటించేవారు. తాటి టెంకలను మట్టిలో పాతితే దిగే మొలకలే గేగులు. కోస్తా వైపు తేగలంటారు. పిల్లలందరూ ఆ మంట చుట్టూ కూర్చునేవారు.

నేను మాత్రం దూరంగా మా ఇంటి అరుగు మీద కూర్చునేవాణ్ణి.

అది నా అభిరుచి కాదు... ఉత్తర్వు.

అంతకు కొంతకాలం ముందు నా కుడి మోకాలికి కాస్త పైన, లోపలివైపు, ఒక బొడిపె తేలింది. నొక్కితే కదలదు... చర్మం కింద గులకరాయి పెట్టి కుట్టినట్టు ఉండేది. దానిని విచారించే నిమిత్తం ఊరి పెద్దలు చాయ్ హోటల్ బల్లల మీద సమావేశమయ్యారు. భద్రాచలం అడవిలో వెదురు కొట్టే మా నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకరు బెణుకన్నారు. ఒకరు గాలి సోకిందన్నారు. చివరకు మా నాయనమ్మ తీర్పు వెలువరించింది.

"బొక్క మొలకెత్తింది. మొలిచేటివి తింటే మొలిచింది ఇంకా పెరుగుద్ది. గేగులు బంద్. కూర వండే వెదురు కొమ్ములు బంద్."

బొక్క అంటే మా వైపు ఎముక. ఉత్తర్వు తక్షణమే అమల్లోకి వచ్చింది. అప్పీలుకు అవకాశం కల్పించబడలేదు. గేగుల పొగ సైతం సోకరాదని మరునాడు ఒక సవరణ వెలువడింది. అందువల్ల అరుగు.

దవాఖానా ప్రస్తావన రాలేదా అంటే, వచ్చింది. మా ఊళ్ళో ఒకాయనకు కలప దుంగ పడి కాలు నుజ్జయితే, పట్నంలో దానిని తీసేశారు. నాటి నుంచి మా ఊరి వైద్యశాస్త్రంలో ఒకటే సూత్రం... దవాఖానాకు కాలుతో పోయినవాడు కాలు లేకుండా వస్తాడు. మా నాయన ఆ సూత్రానికి భయపడేవాడు. ఆ కాలు నాది కనుక నేను ఇంకాస్త ఎక్కువ భయపడేవాణ్ణి.

మంట దగ్గర నుంచి దర్జీ కూతురు రజియా కేకేసేది. "ఏయ్, జల్దీ రా! మీ నాయనమ్మ ఇంట్ల లేదు."

"నేను రానే. తింటే ఇది పెరుగుద్దంట. పెరిగితే కాలు తీస్తరంట."

"మోకాలుకు కొమ్ము మొలిచినోడు కుమ్ముతడే, పిలవకు!" అని పక్కింటి సారయ్య నవ్వేవాడు.

"గట్లైతే ఆడనే కూసో. నీ చందమామ గూడ నేనే తింట" అనేది రజియా.

గేగును నిలువునా చీలిస్తే నడుమ లేతగా, తెల్లగా సన్నటి పోగులాంటిది ఉంటుంది. దాని పేరు చందమామ. దానిని విరక్కుండా తీసినవారికి ఆ పూట రాజ్యాధికారం దక్కేది. రజియా దానిని నాకు చూపించి మరీ నోట్లో వేసుకునేది... కొన్నాళ్ళకు చూపించడం మానేసింది. తరువాత పిలవడమూ మానేసింది. గొంతు అలసిపోయి ఉంటుందని నాకు నేనే ఒక వివరణ ఇచ్చుకున్నాను.

బొడిపె మాత్రం ఉత్తర్వును ఖాతరు చేయలేదు. ఒక్క గేగు తినకపోయినా శ్రద్ధగా పెరిగింది. పరుగెత్తితే నరం దానికి రాసుకుని కాలు పట్టేసేది. ఒకనాడు బడి నుంచి వస్తూ బాట మీద కూలబడి లేవలేకపోయాను. నాయన భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. తెల్లవారి ఖమ్మం బస్సెక్కించాడు. పర్యవేక్షణ నిమిత్తం నాయనమ్మ కూడా ఎక్కింది.

తల్లాడలో బస్సాగితే నాయన ఇడ్లీలు తెచ్చాడు. నేను తినకుండా నా రెండు కాళ్ళనూ చూసుకుంటూ కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో ఎన్ని ఉంటాయో తెలియదు కదా...

ఖమ్మంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"భయపడేది కనిపిస్తలేదు. ఇది కేన్సర్ లెక్క లేదు. ఎదిగే పిల్లలకు కొందరికి బొక్క మీద గిట్ల బొక్కే పెరుగుతది. పిల్లగాని ఎదుగుడు ఆగితే ఇది గూడ ఆగుతది. చానామందికి తీసే పనే ఉండదు. వీనికి నరానికి తగిలి నొప్పి పెడుతున్నది గనుక తీసేద్దాం."

నాయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "కాలా, సారూ?"

"కాలు గాదయ్యా... బొడిపె."

నాయన అక్కడే గోడకానుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

నాయనమ్మ ముందుకు వచ్చింది. "మరి గేగులు తినొచ్చునా?"

"గేగులకూ దీనికీ సంబంధమే లేదమ్మా."

బయటికి రాగానే ఆమె అభిప్రాయం వెల్లడించింది. "పట్నపోడు. గేగు సంగతి ఆయనకేం ఎరుక!"

ఆపరేషన్ చేసి బొడిపె తీశారు. ఆ ముక్కను పరీక్షకు పంపితే, కుట్లు విప్పే నాటికి అందులోనూ భయం లేదని తేలింది. నేను రెండు కాళ్ళతో ఊళ్ళో బస్సు దిగాను. తన పథ్యం ఫలించిందని నాయనమ్మ వీధి వీధికీ ప్రకటించింది. డాక్టరు సహకారాన్ని కూడా కొంతమేరకు గుర్తించింది. ఇక తినవచ్చునని అధికారికంగా సెలవిచ్చింది.

అయితే అప్పటికి ఎండాకాలం... గేగులు లేవు. చలికాలం కోసం ఎదురుచూశాను.

ఈలోగా రజియా వాళ్ళ నాన్న కుట్టు మిషనుతో సహా మధిరకు మకాం మార్చాడు. సారయ్య తండ్రికి ఇల్లందు బొగ్గు బాయిలో పని దొరికింది. మిగిలినవారిని హాస్టళ్ళలో వేశారు. చలి వచ్చింది. గేగులు వచ్చాయి. అనుమతి ఉంది. మంట చుట్టూ కూర్చోవలసినవారు మాత్రం లేరు.

నేనొక్కణ్ణే తంపటి వేసుకున్నాను. వాసనకు నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక గేగు బూడిద దులిపి, చీల్చి, చందమామను విరక్కుండా తీసి నా అరచేతిలో పెట్టింది.

"తిను బిడ్డా... ఇగ మొలిచేదేం లేదు."

తిన్నాను. రజియా ముఖంలో కనిపించినంత తీపి దానిలో లేదు.

ఇప్పుడు ఖమ్మం బజారులో ఉడికించిన గేగులు కట్టలు కట్టి అమ్ముతున్నారు. ఎక్స్‌రే తీసిన కాసేపటికే ఫోనుకు వస్తున్నది. సంతోషించదగిన పరిణామాలే... చలికాలంలో ఒక కట్ట కొని తెచ్చుకుంటాను. బల్ల ముందు కూర్చుని చందమామను విరక్కుండా తీస్తాను. నోట్లో వేసుకునే ముందు, దూరంగా అరుగు మీద ఎవరైనా ఉన్నారేమోనని అలవాటుగా చూస్తాను. మా అపార్టుమెంటుకు అరుగు లేదు.

మీ ఇంట్లో మీకు ఏ తిండి నిషేధించారు? ఆ నిషేధం ఎత్తివేసిన నాడు... మీ పక్కన ఎవరున్నారు?