నాన్న కొలతకు సరిపెట్టిన యంత్రం

బిలాస్‌పూర్ క్యారేజీ షెడ్డులో రైలు చక్రాల అంచు ఎంత అరిగిందో కొలవడం నాన్న డ్యూటీ. ఆయన గేజీ పెట్టి చూసి "పాస్" అన్నాక మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు.

తొంభైల్లో ఆ కొలతకే యంత్రం తయారుచేసే పని నాకు దొరికింది. సన్నటి వెలుగు గీత చక్రం మీద జరుగుతూ అంచు మందం కొలుస్తుంది. ఆ వెలుగునిచ్చే దీపాన్ని మోటారు ఎక్కడ ఆపాలి, కొలత ఎప్పుడు తీసుకోవాలి, ఇదంతా నడిపే కంట్రోల్ నాది. మొదట్లో అది ఒకే చక్రానికి మూడు కొలతలు చూపించేది. కుదుదండ్ పేటలో మా ఇంట్లో తల పట్టుకుని కూర్చుంటే నాన్న నవ్వాడు.

"గేజీ పెట్టగానే సూసేస్తావేటే? సెయ్యి కుదురుకోనీ, అప్పుడు సూడు."

మోటారు వణుకు తగ్గేదాకా ఆగి కొలిచేలా మార్చాను. కుదిరింది. నా నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే అని నవ్వుకున్నాను.

తర్వాత షెడ్డులో నాన్న కొలతల పక్కన యంత్రం కొలతలు రాశాం. కొన్ని కలవలేదు. తప్పు యంత్రానిదే అని మారు ఆలోచన లేకుండా అనుకున్నాను. పదిహేను రోజులు కూర్చుని నాన్న అంకె వచ్చేదాకా దాన్ని దిద్దాను. చివరికి, కచ్చితమైన మందం ముందే తెలిసిన ఇనుప దిమ్మ పెట్టి చూస్తే యంత్రం తప్పు అంకె చూపించింది. నేను ఎంత దిద్దానో అంత తప్పు. అది మొదట చెప్పిందే నిజం. నాన్న పాస్ చేసిన చక్రాల్లో రెండు బండి కింద ఉండకూడనివి.

ఇంటికొచ్చి చెప్పాను.

"నువ్వు బళ్ళో ఉన్నప్పుడే ఒక కంటికి సూపు మందం తల్లీ. ఇప్పుడు రెండోదీ అవుపడ్డం నేదు."

"మరి రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్ష ఎలా పాసయ్యావు?"

"నువ్వే కదే బట్టీ పట్టించావు."

గుర్తొచ్చింది. ఇంగ్లీషు నేర్పమని ఒక కాగితం మీద అక్షరాలు తెచ్చేవాడు. నేను స్కేలు పట్టుకుని టీచరమ్మలా వల్లె వేయించేదాన్ని. నాన్న కంటే నాకే తెలివి ఎక్కువని గర్వం కూడా. అవి ఆసుపత్రిలో కంటి పరీక్ష బోర్డు మీది అక్షరాలని అప్పుడు తెలియదు.

"అచ్ఛా, నీ మిషను సెప్పిందే రాసీ. బండిలో మనుషులుంటారు."

రిపోర్టు అలాగే రాశాను. అంతకంటే కష్టమైన పని నా జన్మలో చేయలేదు. నాన్నను మళ్ళీ ఆసుపత్రికి పంపారు, ఈసారి వేరే అక్షరాలు చూపించారు. ఆయన దగ్గర గేజీ తీసేసుకుని ఫైళ్ళు మోసే పనిలో పెట్టారు.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, "పాత పరీక్ష పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు.

"పాస్" అన్నాను. నేను ఏడుస్తున్నట్టు ఆయనకు కనబడలేదు.