స్థలం కాదు, తాత చెప్పాడు

మాలి తాత పోయాడు. పొద్దున్నే వాళ్ళావిడ, నేను అవ్వా అని పిలిచే మనిషి, ఫోన్ చేసింది. "తాత లేడు బిడ్డా. నిన్న గూడ తోటకు పోయచ్చిండు" అని పెట్టేసింది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు కంటే సిగ్గే ఎక్కువైంది. ఆ సిగ్గు సంగతి మీకు చెప్పుకోవాలి.

నేను పార్కులు, తోటలు గీసే ఆర్కిటెక్టును. బోధన్ పక్కన చెరకు పండిన నేలలో ఒక చిన్న పార్కు గీసే పని నాకు వచ్చింది. తాత అక్కడ మాలి. నా డ్రాయింగు చూసి మొదటి రోజే నవ్వాడు. బాటలన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయట. స్కేలు పెట్టే గీశాను మరి.

"వానకు కాయితం సదవరాదు బిడ్డా. ఒక్క వాన పడనియ్యి. నీళ్లు యాడ నిలుస్తయో, మంది యాడ నడుస్తరో సూడు. గప్పుడు గీసుకో."

కాంట్రాక్టరు విసుక్కున్నా ఆగాం. వాన పడ్డాక నేను బాట గీసిన చోట మోకాలి లోతు బురదయింది. జనం పక్కనుంచి నడిచిన చోటల్లా తాత వేపపుల్లలు గుచ్చాడు. నేను ఆ పుల్లలను చూసి గీత మార్చుకున్నాను. ఆయన నల్లమట్టిలో ఎప్పుడూ చెప్పుల్లేకుండానే తిరిగేవాడు. ఆదివారం చర్చి నుంచి సరాసరి వచ్చి, తెల్ల చొక్కాకు మట్టి అంటకుండా చేతులు చాచి పైపు పట్టేవాడు. అయినా మరక పడేది, అవ్వతో తిట్లు తప్పేవి కావు.

నేల చదును చేసినా పాత చెరకు దుబ్బులు మళ్ళీ పిలకలేశాయి. మందు కొట్టించమన్నాను. తాత అడ్డం నిలబడ్డాడు. "ఒక్క సాలన్న ఉండనియ్యి. చెరుకు కొట్టినోళ్లు అచ్చి కూసుంటే ఆళ్లకు ఆళ్ల సేను కానరావాలె." సరేనని బెంచీల వెనక ఒక్క వరుస, ఒక సాలు చెరకు వదిలేశాం.

తర్వాత ఆ పార్కు మన ప్రాంతపు తోటలకిచ్చే అవార్డు పోటీకి వెళ్ళింది. పోటీ తరఫున చూడ్డానికి వచ్చిన పెద్దావిడ ఆ చెరకు సాలు దగ్గరే ఆగిపోయింది. "ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగింది. తాత పదడుగుల దూరంలో నీళ్లు పడుతున్నాడు. "స్థలమే చెప్పిందండీ" అన్నాను. మా వృత్తిలో అందరం అనే మాటే అది, గొప్పకు గొప్ప, వినయానికి వినయం. ఆవిడ మురిసిపోయింది. అవార్డు నాకొచ్చింది.

మిఠాయి తీసుకుని వెళ్ళాను. అవార్డు సభలో నాకు కప్పిన శాలువాను తాత వేళ్ళతో తడిమి చూశాడు. "నా పేరు సదివిండ్రా?" అని అడిగాడు.

"పేర్లు చాలా ఉన్నాయి తాతా, అందరివీ చదవలేదు" అని అబద్ధం చెప్పాను.

"గట్లనా" అని పైపు దగ్గరికి పోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆయన పేరు కూడా చేర్చమని అవార్డు ఇచ్చినవాళ్లకు ఉత్తరం రాయాలనుకున్నాను. ఈ పని కానీ, ఆ పని కానీ అంటూ రోజులు దొర్లించాను. రాయలేదు.

సమాధుల తోటలో మట్టి వేశాక పాస్టరు గారు రిజిస్టరు తెరిచారు. పేరు, వయసు రాసి, వృత్తి దగ్గర ఆగారు. "కూలి అని రాయమంటారా?"

"కాదండీ" అన్నాను. "ఆ పార్కు బాటలు, ఆ చెరకు సాలు, అన్నీ ఈయన చెప్పినవే. అవార్డు ఈయనకు రావాల్సింది. తోట గీసినాయన అని రాయండి."

అవ్వ నా వైపు తిరిగింది. కోపం లేదు. "గా మాట ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి బిడ్డా. మస్తు సంబురపడుతుండె."

పాస్టరు గారు తల వంచి రాయడం మొదలుపెట్టారు. కూలి అన్న మాటకు సరిపోయేంత గడి అది. తోట గీసినాయన అన్నది అందులో పట్టలేదు. అక్షరాలు చిన్నవవుతూ, గీత దాటి, ఇంకా ఎవరి పేరూ రాయని కింది వరుసలోకి దిగాయి.