మల్లొస్త

నా చిన్నప్పుడు మా దేవరకొండ దిక్కు పల్లెల్లో, చావింటికి వచ్చినవాళ్ళు పోయేటప్పుడు 'వస్త' అనేవాళ్ళు కాదు. అలా అంటే ఆ ఇంటికి మళ్ళీ చావు వస్తుందని భయం. చప్పుడు చేయకుండా లేచి, కొంగు దులుపుకొని పోయేవాళ్ళు.

మా అమ్మ టీబీతో మంచం పట్టినప్పుడు దవాఖాన నుంచి ఒక నర్సమ్మ నడిచొచ్చి సూదులు వేసిపోయేది. అమ్మ చనిపోయిన రోజు కూడా వచ్చింది. అమ్మ తల దువ్వింది. మూలకు నిలబడ్డ నన్ను దగ్గరికి తీసుకుంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, అలవాటుగా అన్నదో తెలిసే అన్నదో, "మల్లొస్త బిడ్డా" అంది.

ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి ఆమె దిక్కు చూశారు.

"ఇంకెవల కోసమొస్తవే? ఇంకొకల్ని తీస్కపోనికా?" అంది మా నాయిన తల్లి, మా అవ్వ.

దినాలు అయిపోయాయి. వస్త అనకుండా పోయిన చుట్టాలు నిజంగానే మళ్ళీ రాలేదు. నాయిన పొద్దున్నే గొర్ల వెంట పోయేవాడు. అమ్మ మాట ఎత్తితే అవ్వ కసిరేది. నాతో అమ్మ గురించి మాట్లాడేవాళ్ళే ఇంట్లో లేకుండా పోయారు.

నర్సమ్మ మాత్రం వచ్చింది. అవ్వ తలుపు దగ్గరికేసి, "సచ్చినామెకు సూదులేస్తవా?" అని లోపలి నుంచే అడిగింది. ఆమె బయటే ఉన్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకొని, అట్టలు కట్టిన నా జడ విప్పుతూ, "మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుండె?" అంది. చెప్పబోయి ఏడ్చాను. అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదలు. అవ్వ వచ్చి నన్ను రెక్క పట్టి లోపలికి గుంజింది. ఆ తర్వాత నర్సమ్మను మా వాకిట్లోకి కూడా రానియ్యలేదు.

నిరుడు మా ఆయన పోయాడు. ఆయన కాలి పుండుకు ఇంటికొచ్చి కట్టు కట్టిన నర్సు పిల్ల, దినాలయ్యాక మళ్ళీ వచ్చింది. "మా నాయినే లేకపాయె, ఇంకేం పని మీకు?" అన్నాడు నా కొడుకు, తలుపు సగమే తీసి. ఆ సగం తలుపులోంచే నేను బయటికొచ్చి, అరుగు మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఆయన ముచ్చట్లు చెప్పాను.

పద్ధతి తెలిసిన పిల్ల, లేచి 'వస్త' అనకుండానే చెప్పులు తొడుక్కుంది. ఆ ఒక్క మాట లేకుండా ఎవరినీ పంపడం నాకిప్పటికీ చేతకాదు.

"మల్లొస్తనని చెప్పి పో బిడ్డా" అన్నాను, కొడుకు వింటుండగానే.