అద్దాలక్క బండికి పట్టిన వణుకు

ఆ వీధిలో మొహమాటం లేకుండా వ్యాపారం చేసేది అద్దాలక్క ఒక్కతే. ఎవరి ముఖం వాళ్లకు చూపించి పంపించేస్తుంది. నచ్చకపోతే అద్దం తప్పు కాదని కూడా చెబుతుంది. గాజు కోయడం ఆమె మామగారి దగ్గర నేర్చుకుంది. పలక మీద కోతకలంతో ఒక్క గీత గీసి అంచు మీద చిన్నగా తట్టిందంటే, ఆ పలక ఎదురుమాట లేకుండా రెండవుతుంది. ఇంట్లో మనుషుల దగ్గర కూడా ఆవిడ పద్ధతి దాదాపు అదే. భర్త వెనక గదిలో కూర్చుని అద్దాలకు చెక్క ఫ్రేములు బిగిస్తాడు. ఆయనకు మాట్లాడటం రాక కాదు, నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి.

చాలాకాలం ఈ దంపతుల సరుకు అద్దె బళ్ల మీదే తిరిగింది. గాజుకూ సిమెంటు బస్తాకూ తేడా ఉంటుందని నమ్మే అద్దె డ్రైవరు ఇంకా పుట్టలేదు. అందుకని అక్క ఒక శుభముహూర్తాన సొంతంగా తెల్లటి కొత్త పికప్ కొనేసింది, నడపడం కూడా నేర్చుకుంది. షోరూం నుంచి బండి తెచ్చిన రోజున ఆవిడ దాన్ని చూసినంత మురిపెంగా పెళ్లిపీటల మీద కూడా తన వంక చూడలేదని భర్త గమనించాడు. మేకుల వల్ల పైకి అనలేదు.

ఈ కొనుగోలును గట్టిగా వ్యతిరేకించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. అక్క ఆడపడుచుకు భర్త. వీధిలో అందరూ సలహాల బావ అంటారు. తనకు లేని వాహనాలన్నిటి గురించీ ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. లేని వాహనాలే ఎక్కువ కాబట్టి ఆ పరిజ్ఞానానికి అంతులేదు.

"నేను చెప్పిన కంపెనీ బండి కొనుంటే ఎంత బాగుండేది చెల్లెమ్మా!" అన్నాడు మొదటిరోజే, బండి చుట్టూ ప్రదక్షిణ చేసి.

"దీనికేమైంది అన్నయ్యగారూ?"

"ఇంకా ఏమీ కాలేదు," అన్నాడాయన, ఎంతో ఓపికగా.

ఆయన ఓపిక వృథా పోలేదు. కొద్దిరోజులకే బండికి వణుకు పట్టుకుంది. వీధుల్లో బుద్ధిగానే ఉండేది. పెద్దరోడ్డెక్కి వేగం అరవై దాటగానే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు గజగజలాడేది. ముందు ఎడమ టైరు ఒక పక్కే అరిగిపోతోంది. దాని అంచును రోజూ ఎవరో కూర్చుని కొరుక్కు తింటున్నట్టుంది. వణికేది బండే అయినా ప్రాణం పోయేది వెనకున్న గాజుకు.

సరిగ్గా ఆ సమయంలోనే ఊరవతల డ్యాన్సు స్కూలు నుంచి గోడంత అద్దాలకు ఆర్డరు వచ్చింది. అక్క జీవితంలో అంత పెద్ద పని అదే మొదటిది. మొదటిసారి తీసుకెళ్లినవి దారిలోనే పగిలాయి. రెండోసారివి చేరాక దించి చూస్తే, నిలువునా వెంట్రుకంత గీత.

డ్యాన్సు టీచరు మర్యాదస్తురాలు. "మీ మీద కోపం కాదక్కా. పిల్లలు వాళ్ల కాళ్లు వాళ్లు చూసుకోవాలి కదా! ఈసారి కూడా పగిలితే పెద్ద కంపెనీకి చెప్పేస్తాను," అంది.

ఆ ఆర్డరు పోతే బండి వాయిదాలు కట్టే దారి లేదు, బండి అమ్ముకోవాల్సిందే. సలహాల బావ అప్పటికే కొనేవాణ్ణి వెతికిపెట్టాడు కూడా. బంధుప్రీతి అంటే అది.

అక్క బండిని షోరూముకు తోలుకెళ్లింది. అక్కడి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కొత్త బండి కదమ్మా, కాస్త అలవాటు పడాలి," అన్నాడు.

"ఎవరు? నేనా, బండా?"

"ఇద్దరూను," అని అతను విచారణ మొదలుపెట్టాడు. "గుంతలో ఏమైనా దించారా?"

"లేదు."

"డివైడరుకు తగిలించారా?"

"లేదు."

"పోనీ, రాయిని గుద్దారా?"

"నా వెనక గాజుంటుంది నాయనా. నేను రాళ్లను గుద్దే మనిషిలా కనిపిస్తున్నానా?"

ఆవిడ చెప్పినవన్నీ నూటికి నూరుపాళ్లూ నిజాలే. అతను చక్రాల అలైన్‌మెంటు సరిచేసి, బ్యాలెన్సింగు చేసి పంపాడు. బండి పువ్వులా నడిచింది. వారం తిరగకుండా మళ్లీ అదే వణుకు. మళ్లీ వెళ్లింది, మళ్లీ చేశాడు, మళ్లీ వణికింది. మూడోసారికి మెకానిక్కు ఆవిడ వంక అనుమానంగా చూశాడు, ఆవిడ అతని వంక అంతకంటే అనుమానంగా చూసింది.

విషయం తేల్చడానికి సలహాల బావ స్వయంగా రంగంలోకి దిగాడు. "ఈవేళ సరుకుతో నేనూ వస్తాను. ఆ వణుకేదో ఎక్కడ పుడుతోందో కూర్చుని పట్టేస్తాను," అని ముందు సీట్లో దర్జాగా ఆసీనుడయ్యాడు. అక్క సరుకెక్కించడానికి బండిని కొట్టు ముందుకు తెచ్చి, అలవాటు ప్రకారం యాక్సిలరేటరు ఒక్కసారి గట్టిగా తొక్కింది.

ధడ్!

బావ తల కప్పుకు కొట్టుకుంది.

"అమ్మో! దేన్ని గుద్దావు చెల్లెమ్మా?"

"దేన్నీ గుద్దలేదు అన్నయ్యగారూ. బండి ఆపాను."

"దీన్ని ఆపడం అంటారా? మేడెక్కించావు కదా!"

అక్క చప్పున తలుపు తీసింది. దిగి, ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. చక్రం కొట్టు ముందున్న రాతిమెట్టు మీద ఠీవిగా నిలబడి ఉంది. ఇది మామగారి నాటి పద్ధతి. ఎడమ చక్రం మెట్టెక్కిస్తే బండి కుడికి ఒరుగుతుంది. పలకలు వాటంతటవే అడ్డకర్రలకు ఆనుకుంటాయి. తాడు బిగించేదాకా ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఆ ఇంట్లో ఇది గుద్దడం కిందికి రాదు, పని కిందికి వస్తుంది. అందుకే మెకానిక్కు అన్ని ప్రశ్నలడిగినా ఆవిడకు ఇది గుర్తేరాలేదు. ఇప్పుడు చూస్తే మెట్టు అంచుకు నల్లటి రబ్బరు పూతపూసినట్టు అంటుకుని ఉంది, చక్రం రిమ్ముకు కొత్తగా సొట్ట పడి ఉంది.

"ఏవండీ! ఇలా రండి," అని కేకేసింది.

భర్త వచ్చి, చూసి, నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. అది ఆ ఇంట్లో అరుదైన సంఘటన. "నాన్న పద్ధతి కదా," అన్నాడు.

"మీ నాన్నది తోపుడుబండి. దానికి స్టీరింగుందా, అలైన్‌మెంటుందా? పాపం, ఎంత గుద్దినా దానికి చెడేదేమీ లేదు. మనం రోజూ కొత్త బండిని తీసుకెళ్లి రాతికేసి కొడుతున్నాం."

ఆయన బండి వెనకున్న అడ్డకర్రలను ఊపి చూశాడు. "బండిని వంచడమెందుకు? గాజు ఆనే స్టాండునే వంచి చేస్తాను."

చేశాడు. ఏటవాలుగా చెక్క స్టాండు బిగించి, గాజు ఆనే చోటల్లా రబ్బరు పట్టీలు వేశాడు. ఇక బండి నేల మీదే నిలబడుతుంది, ఒరిగే పని స్టాండుది. అక్క షోరూముకెళ్లి రిమ్ము సరిచేయించి, ఆ టైరు మార్పించి, అలైన్‌మెంటు మళ్లీ చేయించింది. ఈసారి ఉన్నదంతా చెప్పేసింది.

"రోజూ మెట్టెక్కించేవారా?" అన్నాడు మెకానిక్కు, నోరు తెరిచి.

"ఆదివారం సెలవు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మెట్టు సంగతి అడగలేదుగా!"

డ్యాన్సు స్కూలుకు మూడో ప్రయాణం మొదలైంది. సలహాల బావ మళ్లీ ముందు సీటెక్కి, వైద్యుడు నాడి పట్టినట్టు డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అరవై వచ్చింది. వణుకు రాలేదు.

"ఇంకాస్త పెంచు," అన్నాడు. పెంచింది. స్టీరింగు ధ్యానంలో ఉన్న మునిలా కదలకుండా ఉంది.

"ఇంకాస్త."

పెంచింది.

"చాలు, చాలు! నాకు పెళ్లాం పిల్లలున్నారు తల్లీ!"

అద్దాలు దిగాయి. గోడకు నిలబడ్డాయి. టీచరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా వంగి, నిక్కి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని పగులు కోసం వెతికింది. దొరకలేదు. వెతుకుతున్న టీచరు మాత్రం అద్దమంతటా నిలువెత్తున, గీత పడకుండా కనిపించింది.

"మేడ మీద ఇంకో గది ఉందక్కా. అది ఇంతకంటే పెద్దది. దానికీ మీరే చెయ్యాలి," అంది. తర్వాత బావ వంక తిరిగి, "ఈయన మీ డ్రైవరా?" అని అడిగింది.

"కాదమ్మా, మా అన్నయ్యగారు. బండిలో లోపం కనిపెట్టింది ఈయన తలకాయే," అంది అక్క.

బావ ఆ మాటను రెండు వైపులా తిప్పి చూసుకుని, పొగడ్త కిందే జమ కట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో అక్క కిటికీ అద్దం పూర్తిగా దించి, ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని బండిని పరుగెత్తించింది. రోడ్డు కనుచూపు మేర ఖాళీ. ఒక్క మనిషి గానీ బండి గానీ అడ్డం రాలేదు. అయినా హారను కొట్టింది, తనివితీరా.