మనోజ్‌ను ఎత్తిన చేతులు

మనోజ్ వంతు వచ్చేసరికి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడూ వెళ్లిపోయి ఉండేది. గురజాల అవతల బీడులో మట్టితో వేసిన బైకు రేసు ట్రాక్ అది. తడపకపోతే ముందు బండి లేపే దుమ్ములో వెనక బండికి దారి కనపడదు. ట్రాలీల మీద బండ్లు తెచ్చుకునే కుర్రాళ్లకు పొద్దున్నే తడి ట్రాక్. మనోజ్ లాంటి వాళ్లకు ఎండెక్కాక పొడి ట్రాక్. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. ఏనాడూ అతను నోరు మెదపలేదు. అడిగితే ఆ చివరి వంతు కూడా పోతుందేమోనని భయం.

మనోజ్ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో హమాలీ. పాత బండి ఒకటి కొని, స్నేహితుడు వసీం మెకానిక్ షెడ్డులో ఒక్కో భాగం మార్చుకుంటూ దాన్ని రేసు బండి చేసుకున్నాడు. బస్తాలు మోసేచోట అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మలుపులో బండిని పక్కకు వాల్చి, ఒక కాలు మట్టి మీద జారనిస్తూ తిప్పినప్పుడు మాత్రం గట్టు మీద జనం “మనోజూ!” అని అరిచేవాళ్లు. దానికోసమే వచ్చేవాడు.

ఆ శనివారం ప్రాక్టీసు. అందులో బాగా నడిపినవాళ్లకే ఆదివారం పోటీలో చోటు. బయల్దేరుతుంటే తల్లి కృపమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఒరేయ్, నీ నడుం ఇరిగితే బస్తాలు నేను మొయ్యాలా?”

“ఇయ్యాల ఒట్టి ప్రాక్టీసేనమ్మా. పోటీ రేపు.”

“ఆ నేలకి తెలుసంటరా, ఇయ్యాల ప్రాక్టీసని?”

ట్రాక్ దగ్గర వసీం వెళ్లి నిర్వాహకుడు ఫణీంద్రను అడిగాడు. “అన్నా, చానా దుమ్ము లేస్తంది. ఇంకోసారి నీళ్లు కొట్టించరాదూ?”

“ఏందిరా వసీమూ, మీవోడు మిరపకాయల ఘాటులో బతికేటోడేగా. ఈ దుమ్ముకే దగ్గొస్తదా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మనోజ్ కూడా నవ్వాడు.

“పోనీ అంబులెన్సన్నా పిలిపించన్నా.”

“అది పోటీకిరా. ప్రాక్టీసుకు ఎవడు పెడతాడు?”

మొదటి చుట్టు బాగానే సాగింది. రెండో చుట్టులో ముందు బండిని అందుకోబోయాడు. మలుపు దగ్గర అంతా ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములో ముందున్న కుర్రాడు జారి పడ్డాడని, అతని బండి అడ్డంగా ఉందని మనోజ్‌కు తెలిసేసరికి ఆలస్యమైంది. హ్యాండిల్ పక్కకు లాగాడు. ఆ కుర్రాడు బతికిపోయాడు. మనోజ్ ఎగిరి, వీపు గట్టుకు తగిలి పడ్డాడు.

స్పృహ ఉంది. నడుములో గునపం దిగినట్టుంది. బూట్లలో కాలివేళ్లు కదిలించి చూసుకున్నాడు. కదిలాయి. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు జనం పరిగెత్తుకొచ్చారు. అందరూ మంచివాళ్లే. “లేపండ్రా! కూచోబెట్టండి! నీళ్లు తాపండి!” అంటూ ఒకరు చంకల్లో చేతులు వేశారు, ఒకరు కాళ్లు పట్టుకున్నారు.

“వసీమూ, వద్దురా... నడుం...”

“ఏం గాదురా, నేనున్నా గదా!”

నడుం మడిచి లేపి, వసీం బండి మీద కూర్చోబెట్టి, పడిపోకుండా వెనక ఇంకొకరు ఎక్కి గట్టిగా పట్టుకున్నారు. బండి గతుకుల్లో ఎగురుతూ గురజాల దారి పట్టింది. కొంత దూరం పోయాక వసీం అరిచాడు.

“కాళ్లు పైకి పెట్టుకోరా, రోడ్డుకు రాసుకుంటన్నయ్!”

“పెట్టా గదరా,” అన్నాడు మనోజ్.

గురజాలలో చూసి నరసరావుపేటకు పంపించారు. అక్కడి డాక్టరు వసీంను పక్కకు పిలిచి చెప్పాడు. “పడ్డప్పుడు ఎముక విరిగింది. అప్పుడు వేళ్లు కదిలాయంటున్నాడు. కదలకుండా చెక్క పలక మీద పడుకోబెట్టి తెచ్చుంటే కాళ్లు దక్కేవేమో.” వసీం మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

మర్నాడు పోటీ జరిగింది. అంబులెన్సు వచ్చి, సాయంత్రం దాకా ఖాళీగా నిలబడి వెళ్లింది. ఫణీంద్ర కృపమ్మకు ఫోన్‌లో చెప్పిన మాట ఒక్కటే: “ప్రాక్టీసుకు వాళ్లంతట వాళ్లే వస్తారమ్మా, మాకు సంబంధం లేదు.”

ఇప్పుడు మనోజ్‌కు నడుం కింద స్పర్శ లేదు. కృపమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. పుండ్లు పడకుండా రోజూ వసీం వచ్చి అతన్ని పక్కకు తిప్పుతాడు. “మెల్లగారా, బస్తా అనుకున్నావా?” అంటాడు మనోజ్. వసీంకు నవ్వు రాదు.

ఆ ట్రాక్ ఇంకా నడుస్తూనే ఉంది. ఇలాంటివి ఎక్కడున్నా, గట్టు మీద నిలబడి ఈల వేసే ముందు, అంబులెన్సు ఎక్కడని అడగండి. లేదని చెబితే, ప్రాక్టీసైనా సరే, ఒక్క బండినీ కదలనివ్వకండి. చివరి వంతుకూ నీళ్లు కొట్టమని మీరే గట్టిగా అడగండి, ఆ వంతులో ఉన్నవాడు అడగలేడు. ఎవరైనా పడితే ముందుగా వెనకొచ్చే బండ్లను ఆపించండి, 108కి ఫోన్ చేయండి. నడుమో మెడో నొప్పంటే ఎత్తకండి, కూర్చోబెట్టకండి, కదలొద్దని చెప్పండి. అంబులెన్సు వచ్చేదాకా ముఖం మీద ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టుకుని పక్కనే కూర్చోండి.